నొప్పి తగ్గిన రోజు

ఇనుప డబ్బా నడుం మీద పడేవరకు వేలు అనేవాడికి నొప్పి అంటే ఏమిటో తెలియదని కాలనీలో అందరూ అనుకునేవారు. చెత్త లారీ వెనక కమ్మీ పట్టుకొని వేలాడుతూ సగం కోయంబత్తూరు తిరిగే మనిషి. వీధి మలుపుల్లో ఉండే పెద్ద డబ్బాలను లారీ కొక్కేనికి తగిలించి పైకెత్తించడం అతని పని. అరికాల్లో గాజు పెంకు గుచ్చుకుంటే లాగి పారేసి, ఇంత పసుపు అద్ది, మళ్ళీ లారీ ఎక్కేవాడు. అలాంటివాడు, ఒకనాడు కొక్కెం జారి నిండు డబ్బా మీదికి ఒరిగితే, నడిరోడ్డు మీద పడి పసిబిడ్డలా ఏడ్చాడు.

ఆ కబురు చేరేసరికి అతని భార్య ఆరాయి గాంధీపురంలో తను పనిచేసే లాడ్జిలో గదులు తుడుస్తోంది. తడి చేతులు కొంగుకు తుడుచుకోకుండానే బస్సెక్కింది. ఆరాయి నోరు గట్టిది. కాలనీ కుళాయి దగ్గర ఆమె గొంతు లేస్తే మిగిలినవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకుంటారు. ఆ నోరు ఆ రోజు ఆసుపత్రిలో పెగల్లేదు.

వాళ్ళది తెలుగు మాట్లాడే పాత కాలనీ. ఏ తరంలో ఎవరు ఎందుకు ఇంత దూరం వచ్చారో చెప్పగలిగినవాళ్ళు పోయారు. బడిలో తమిళం, పనిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగును చదవడం, రాయడం ఎవరికీ రాదు. కోపం వచ్చినా, దేవతకు మొక్కుకోవాలన్నా మాత్రం అదే నోట్లోంచి వస్తుంది.

ఆసుపత్రివాళ్ళు ఎముక విరగలేదన్నారు. నొప్పికి గట్టి మాత్ర ఇచ్చారు. అది నల్లమందు జాతి మాత్ర అని చాలా కాలం తరవాత గాని తెలియలేదు. వేసుకున్న కాసేపటికే నడుం ఉందన్న సంగతి మరిచిపోయేవాడు వేలు. కాంట్రాక్టు పని గదా, ఎక్కువ రోజులు మంచం పడితే ఆ కమ్మీ ఇంకొకడు పట్టుకుంటాడు. మాత్ర మింగి లారీ ఎక్కాడు. ఆసుపత్రిలో మాత్ర ఆపేశాక గాంధీపురం సందులో ఒక మందుల కొట్టువాడు ఆదుకున్నాడు. చీటీ అడగడు, మొహం చూడడు, మాత్రలు మాత్రం ఇస్తాడు. అలాంటి ధర్మాత్ములు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

మొదట నడుం నొస్తే వేసుకునేవాడు. తరవాత నొస్తుందేమోనని వేసుకున్నాడు. ఆ తరవాత వేసుకోకపోతే ఒళ్ళంతా నొప్పి మొదలయ్యేది. ఇదే ఎవరికీ మింగుడు పడలేదు. దెబ్బ తగిలింది నడుముకు గదా, మోకాళ్ళు, భుజాలు, ఆఖరికి చర్మం కూడా ఎందుకు నొస్తుంది? ఒకసారి వణుకుతున్నాడని ఆరాయి దుప్పటి కప్పితే కెవ్వున అరిచి దాన్ని తోసేశాడు.

"దుప్పటి కూడా నొస్తాదా మామా? నాటకం ఆడేది ఆడు, కొంచెం నమ్మేటట్లన్నా ఆడు," అంది ఆరాయి.

వేలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఆమె తరవాత ఎంత కుమిలిపోయిందో ఆమెకే తెలుసు.

అబద్ధాలు కూడా ఆడాడు, లేదనడానికి లేదు. ఒకసారి కడుపులో తిప్పేస్తోంది, ఆసుపత్రికి పోవాలి అని మెలికలు తిరిగితే, ఆరాయి కంగారుపడి ఆటో పిలిచి ఎక్కించింది. తను ఇంటికి తాళం వేసి వెనకే బస్సులో వెళ్ళి చూస్తే ఆసుపత్రిలో లేడు. గాంధీపురం సందులో, ఆ కొట్టు పక్క అరుగు మీద, మొహం తేటపడి కూర్చొని ఉన్నాడు. ఆ పూట నుంచి కడుపునొప్పి అనే మాట వింటే ఆరాయికి ఒళ్ళు మండేది.

చివరికి లారీ కదులుతుండగానే కునుకు పట్టి కిందపడ్డాడు. అదృష్టం బాగుండి మోచేతులు గీరుకుపోవడంతో సరిపోయింది. ఇంక పనికి రావద్దన్నారు. ఆరాయి అతన్ని లాక్కుపోయి ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు మాన్పించే వార్డులో పడేసింది. పడేసింది అనే మాట ఆమెదే.

ఆ వార్డులో జెబమలర్ అనే నర్సు ఉండేది. మదురై పిల్ల. డాక్టరు తమిళంలో గబగబా చెప్పి వెళ్ళిపోయాక, ఆరాయి తనలో తను గొణుక్కుంటున్న తెలుగు విని దగ్గరికి వచ్చి కూర్చుంది. వాళ్ళ ఇంట్లోనూ అదే తెలుగు. ఆరాయి అడగాల్సింది ఒక్కటే అడిగింది.

"సిస్టర్, నా మొగుడు అబద్ధం చెప్తా ఉండాడా, నిజంగానే నొస్తా ఉండాదా?"

"నిజంగానే నొస్తాది అక్కా. మన మెదడులోనే నొప్పిని అణిచే మందు ఒకటి ఊరతా ఉంటాది. ఎండార్ఫిన్ అంటారు. మీ కాలనీలో పాత బావి ఉండాదా?"

"ఉండాది. కుళాయి తొట్టికి లారీ నీళ్ళు వచ్చినంక ఎవురూ చేద వెయ్యలేదు. పూడిపోయినాది."

"అదే. దినమూ లారీ నీళ్ళు వస్తే బావిని ఎవురు పట్టించుకుంటారు? ఈ మాత్రలు లారీ నీళ్ళ మాదిరి. బయటినుంచి అన్ని వస్తా ఉంటే, మనమేల ఊరాలని మెదడు ఊరేది నిలిపేసినాది. అది మాత్రమే కాదక్కా. నొప్పిని పెద్దది చేసి చెప్పే రసాయనాలు కూడా మెదడులో ఉండాయి. ఇన్ని దినాలు మాత్ర వాటిని అణిచి పెట్టినాది గదా, అవి బలం పెంచుకొన్నాయి. ఇప్పుడు మాత్ర లేదు. అడ్డు లేదు. గుడ్డ తగిలినా నిప్పు తగిలినట్లుంటాది. చెమట, వణుకు, ఆవలింతలు, కడుపు మెలిపెట్టేది, వాంతి, అన్నీ వస్తాయి."

"దెబ్బ లేకనే నొస్తాదా?"

"దెబ్బ లేకనే. కానీ ఆయన పడే బాధ నిజం. మీరు గట్టిగా ఉండాల. బావిలో మళ్ళీ ఊట వస్తాది. కొంచెం దినాలు పట్టతాది."

ఆరాయి అక్కడే, ఆ వార్డు బల్ల మీద, కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. మొగుడు అబద్ధాలకోరు కాడని ఒకరు చెప్పారు. దుప్పటి కప్పితే అరిచింది నిజంగానే. ఇంత చిన్న సంగతి తెలియక మనిషిని ఎన్నెన్ని మాటలు అంది!

ఇంటికి వచ్చాక ఆరాయి కాలనీకి డాక్టరమ్మ అయిపోయింది. కుళాయి దగ్గర ఎండార్ఫిన్ గురించి ఉపన్యాసాలు ఇచ్చింది. పేరు సరిగా పలకలేక ఎండాపిన్ను అనేది. ఆడవాళ్ళు వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు, ఆమెకు ఆ మాటలు ఆసరా అయ్యాయి. వేలుకు కూడా. సాయంత్రాలు నొప్పి లేచినప్పుడు అతను పళ్ళు బిగించి ఆమె మొహంలోకి చూసేవాడు.

"చెప్పే ఆరాయీ, ఇంకొక తూరి చెప్పు."

"నీ ఒంట్లో ఏమీ చెడిపోలేదు మామా. మెదడు ఊరికే కేకలు పెడతా ఉండాది. నువ్వు పలకొద్దు. దానంతట అది నోరు మూసుకొంటాది."

అతను తల ఊపేవాడు. చిన్నపిల్లలకు నిద్రపోయేముందు కథ ఎలాగో, అతనికి ఆ మాటలు అలా అలవాటయ్యాయి. వేన్నీళ్ళ కాపడం పెట్టేది. నడుం మరీ పట్టేసినప్పుడు పచారీ కొట్లో దొరికే మామూలు నొప్పి మాత్ర తెచ్చి ఇచ్చేది. అందులో మత్తు ఉండదని అడిగి మరీ తెచ్చేది. అలా రోజులు గడిచాయి. వేలు గాంధీపురం వైపు పోలేదు. ఆరాయి మనసులో ఒకటే కోరిక, ఈ మనిషి మళ్ళీ లారీ కమ్మీ పట్టుకొని ఈల వేస్తూ వీధి మలుపు తిరగాలి.

ఇంతలో మారియమ్మ పండగ వచ్చింది. గుడి ముందు కంబం నాటారు. మూడు కొమ్మల మొద్దును పసుపు నీళ్ళతో కడిగి, పాతి, దాన్నే అమ్మకు తోడుగా కొలుస్తారు. అది నాటాక మొక్కున్నవాళ్ళు మణికట్టుకు కాప్పు కట్టించుకుంటారు. పసుపు కొమ్ము కట్టిన దారం అది. కట్టుకున్నవాడు మత్తు ముట్టకూడదు, మాంసం ముట్టకూడదు, పగలంతా పస్తుండి ఒక్క పూటే తినాలి. అన్నిటికన్నా ముఖ్యం, కంబం పీకేవరకు కాలనీ పొలిమేర దాటకూడదు. దాటితే కీడు దాటినవాడికి ఒక్కడికే కాదు, అందరికీ తగులుతుందని నమ్మకం.

వేలు తల్లి గోవిందమ్మాళ్ కొడుక్కి కాప్పు కట్టిస్తానని మొక్కుకుంది. ఆరాయి ఎగిరి గంతేసింది. పొలిమేర దాటడానికి లేదంటే గాంధీపురం సందు లేదన్నమాటే. ఇటు సిస్టర్ చెప్పిన శాస్త్రం, అటు అమ్మవారు, నడుమ తను. ఇంక వేలు ఎక్కడికి జారిపోతాడు? వేలు కూడా సంతోషంగానే చెయ్యి చాపాడు. "నా కాళ్ళను నేను నమ్మను, మారియమ్మ పట్టుకోనీ," అన్నాడు.

పస్తుల మధ్య నడుంనొప్పికి ఆ పచారీ మాత్రలే నడిచాయి. ఖాళీ కడుపున నీళ్ళతో మింగేవాడు.

పండగ నడుమ ఒక ఉదయం వేలు పళ్ళు తోముకుంటూ ఉన్నట్టుండి రెండు చేతులతో కడుపు పట్టుకొని కూలబడ్డాడు. మొహం నిండా చెమట. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకొని ముడుచుకుపోయాడు.

"కడుపు... ఆరాయీ... కడుపు. ఆస్పత్రికి పోదాం."

ఆరాయి పరుగెత్తి వచ్చి పట్టుకుంది. ఆ వెంటనే గాంధీపురం అరుగు గుర్తొచ్చింది. కడుపునొప్పి, ఆసుపత్రి, ఆటో. అన్నీ తెలిసిన మాటలే. సిస్టర్ చెప్పిన గుర్తులన్నీ కూడా ఉన్నాయి. చెమట ఉంది, వణుకు ఉంది, కడుపు మెలిపెట్టడం ఉంది, కాసేపటికి వాంతి కూడా అయింది. ఇదిగో, మెదడు ఆఖరి కేక పెడుతోంది అనుకుంది. ఇక్కడ తను మెత్తబడిందా, ఇన్నాళ్ళు పడిన పాటంతా బూడిదే.

అయినా జెబమలర్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. సెలవు మీద మదురై వెళ్ళిందని ఆరాయికి తెలియదు.

గోవిందమ్మాళ్ వచ్చి కొడుకు పొట్ట మీద చెయ్యి వేసి, చప్పున తీసేసింది.

"ఏమే, కడుపు చెక్క మాదిరి ఉండాది. ఇది నాకు బాగుండలేదు. ఆటో పిలువు."

"కాప్పు ఉండాది అత్తా."

"నేను మొక్కినాను, నేనే తెంచతాను. నా బిడ్డ కన్నా దారం ఎక్కువా? అమ్మకు నేను చెప్పుకొంటాను."

నమ్మకం అంతా తనదే అయిన ముసలామె తెంచడానికి సిద్ధపడింది. చదువుకున్న మాటలు నాలుగు విన్న ఆరాయి వాకిలికి అడ్డం నిలబడింది.

"నీకు తెలీదు ఊరికె ఉండు అత్తా! సిస్టర్ అన్నీ చెప్పినాది. ఇది దెబ్బ లేని నొప్పి. మెదడు చేస్తా ఉండాది. ఇప్పుడు పొలిమేర దాటితే దారిలో దిగి మాత్ర కొంటాడు. ముందు చేసినాడా లేదా? నువ్వే చెప్పు మామా, చేసినావా లేదా?"

వేలు కళ్ళెత్తి చూశాడు. చేశాడు గదా, ఏమంటాడు? కాసేపటికి అతనే తల్లితో అన్నాడు, "వద్దులే అమ్మా. ఆరాయి చెప్పేదే సరి. తగ్గిపోతాది."

గుడి పెద్ద ఆండి ఆ పక్క వీధిలోనే ఉన్నాడు. అడిగి ఉంటే ప్రాణం ముఖ్యం పొమ్మనేవాడేమో. ఎవరూ అడగలేదు. బయట మైకు సెట్టులో అమ్మవారి పాటలు హోరెత్తుతుంటే, ఆ గదిలో వేలు మూలుగు వాకిలి దాటి వినిపించలేదు. ఆరాయి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. "పలకొద్దు మామా, దానంతట అది నోరు మూసుకొంటాది," అని చెప్తూనే ఉంది. అతను దుప్పటి అంచు కొరుకుతూ వింటూనే ఉన్నాడు. అంత బాధలో కూడా ఆమె మాట నమ్మడానికి అతను ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి నొప్పి తగ్గింది.

మొదట ఆరాయి నమ్మలేదు. మూలుగు ఆగిపోయింది. వేలు కాళ్ళు చాపుకొని వెల్లకిలా పడుకున్నాడు. మొహంలో బిగువు లేదు. ఆమె భయం భయంగా నుదురు తుడిచింది. తల జరుపుకోలేదు. దుప్పటి తెచ్చి మెల్లగా కప్పింది. తోసేయలేదు.

"నొస్తా ఉండాదా మామా?"

"లేదే." అతని గొంతు సన్నగా ఉంది. "నొప్పే లేదు. ఎక్కడా లేదు."

ఆరాయి అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకొని గట్టిగా ఏడ్చేసింది. గెలిచింది. ఇన్నాళ్ళకు గెలిచింది. "ఊట వచ్చినాది మామా! నీ బావిలో నీళ్ళు ఊరినాయి!" అంది. వేలు పెదవులు నవ్వినట్టు కదిలాయి. చెయ్యి చల్లగా ఉంది. రాత్రంతా చెమట పట్టిన ఒళ్ళు గదా అనుకుంది.

అత్తకు చెప్పింది. ఎదురింటివాళ్ళకు చెప్పింది. కుళాయి దగ్గరికి వెళ్ళి, నవ్విన ప్రతి మొహానికీ పేరు పేరునా చెప్పింది. అంబలి కాచి అమ్మవారికి పోస్తానని మొక్కుకొని రాగిపిండి కలపడానికి కూర్చుంది. ఆమె జీవితంలో అంత సంతోషంగా ఉన్న పూట ఇంకొకటి లేదు.

మధ్యాహ్నం ఫోను మోగింది. జెబమలర్.

"అక్కా, ఫోను చేసినారా? ఊరికి వచ్చినాను, చూడలేదు."

"సిస్టర్! మీరు చెప్పినట్లే అయినాది! నిన్న కడుపునొప్పి వచ్చి పొర్లినాడు. నేను గట్టిగా ఉండిపోయినాను. పొద్దున్నించీ నొప్పే లేదు!"

"కడుపా అక్కా? ఉన్నట్టుండి వచ్చినాదా? కడుపు గట్టిగా ఉండాదా?"

"అత్త చెక్క మాదిరి ఉండాది అనినాది. ఇప్పుడు..."

"అక్కా, అది మాత్ర మానితే వచ్చే నొప్పి కాదు. ఆ మాత్ర నిలిపి ఇన్నాళ్ళయినాది గదా! లోపల పేగుకో, అన్నసంచికో రంధ్రం పడితే అట్ల వస్తాది. పడినంక కొంచెంసేపు నొప్పి తగ్గినట్లే ఉంటాది. తగ్గినాదని ఉండొద్దు. ఇప్పుడే తీసుకుపోండి. ఈ నిమిషమే!"

రాగిపిండి చేతులతోనే ఆరాయి లోపలికి పరుగెత్తింది. గోవిందమ్మాళ్ కొడుకు మణికట్టు మీది దారాన్ని పళ్ళతో తెంచి, ఇద్దరినీ ఆటో ఎక్కించి, తను వాకిట్లో నిలబడింది. ఆటో పొలిమేర దాటుతుంటే ఎవరూ ఆపలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. వేలు కళ్ళు సగం మూసి ఆమె భుజానికి ఆనుకున్నాడు. పొట్ట ఉబ్బి ఉంది, గోళ్ళు నీలంగా ఉన్నాయి.

"ఎక్కడికే పోయేది?" అన్నాడు. "నొప్పి లేదు గదా. నువ్వు చెప్పినట్లే నోరు మూసుకొనినాది."

ఆరాయి అతని నోటి మీద చెయ్యి పెట్టి మాట్లాడొద్దంది.

ఆపరేషను చేశారు. అన్నసంచికి రంధ్రం పడిందనీ, విషం కడుపంతా పాకిందనీ, రక్తంలోకి ఎక్కిందనీ చెప్పారు. ఖాళీ కడుపున నొప్పి మాత్రలు మింగితే ఇలా తొలుస్తుంది, ఏం మాత్రలు వేసుకున్నాడని డాక్టరు అడిగాడు. ఆరాయి చెప్పింది. నిన్ననే ఎందుకు తేలేదని అడిగాడు. ఆరాయి చెప్పింది. డాక్టరు ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు పట్టుకోవడానికి ఏదైనా ఉండేది. వేలు మళ్ళీ కళ్ళు తెరవలేదు.

కాలనీకి తెచ్చేసరికి కంబం పీకేశారు. పండగ అయిపోయింది. మాత్రలకు అలవాటు పడ్డవాడు మాత్రలతోనే పోయాడని వాకిట్లో కూర్చున్నవాళ్ళు మెల్లగా అనుకున్నారు. "ఆ మాత్ర ముట్టి ఎన్నాళ్ళయినాదో మీకు తెలుసునా?" అని ఆరాయి ఒక్కసారి అరిచింది. వాళ్ళు జాలిగా తలలు ఊపారు. చచ్చిన మొగుణ్ణి ఏ పెళ్ళామైనా వెనకేసుకొస్తుంది గదా. ఆమెకు మళ్ళీ గొంతు లేవలేదు.

జెబమలర్ మదురై నుంచి బస్సులో వచ్చింది. ఆరాయి పక్కన కూర్చొని, "నేను ఇది కూడా చెప్పి ఉండాల్సింది అక్కా," అని ఏడ్చింది. ఆరాయికి ఆ పిల్ల మీద కోపం రాలేదు. నొప్పి ఏదైనా నొప్పే గదా, ఏది మెదడు అరిచిందో, ఏది కడుపు అరిచిందో బయట ఉన్న మనిషి ఎలా విడదీస్తుంది? విడదీయలేకపోతే పడుతున్నవాడి మాట వినాలి. దుప్పటి రోజున వినలేదు. ఎంతో నేర్చుకున్నాక, కడుపు రోజునా వినలేదు.

అందరూ వెళ్ళిపోయాక గోవిందమ్మాళ్ గోడకు చేరబడి కూర్చుంది. ఆ రోజు వాకిలికి అడ్డం నిలబడినందుకు ముసలామె కోడలిని ఒక్క మాటా అనలేదు. ఒక్కటే అడిగింది.

"పొయ్యేటప్పుడు నా బిడ్డ నొప్పి పడినాడా?"

"లేదు అత్తా," అంది ఆరాయి. "నొప్పే లేదనినాడు."

"ఎవురితో అనినాడు?"

"నాతోనే. ఆటోలో."

గోవిందమ్మాళ్ కళ్ళు తుడుచుకుంది. "ఆ మట్టుకు మేలు," అంది. "నీ పుణ్యమే."